పూజకు ముందే

"నీళ్లు పిల్లనే పోసిందని రాసిస్తే అయిపోతది. పోయిన పిల్లకు ఇప్పుడు ఏం మాటొస్తది?"

మల్లేశ్వర్ ఆ మాట అన్నప్పుడు సక్కుబాయి ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. కాలరు అయింది, చేతులు అయ్యాయి, వీపు మిగిలింది. మాట విన్నాక కూడా చెయ్యి ఆగలేదు. కొన్ని నెలలుగా ఎవరి మాటైనా ఆమెకు పక్కింట్లోంచి వినబడుతున్నట్టే ఉంటోంది. అది తనదాకా వచ్చి అర్థమయ్యేసరికి చేతిలో పని ముగిసిపోయి ఉంటుంది. ఇప్పుడూ అంతే. చొక్కాను హ్యాంగరుకు తగిలించి, పై బొత్తాం పెట్టి, తలుపు గొళ్లేనికి వేలాడదీశాక గాని ఆ మాట లోపలికి దిగలేదు.

పిల్ల అంటే అఖిల. వాళ్లకు ఒక్కతే కూతురు. ఇంజినీరింగు రెండో సంవత్సరంలో అడుగుపెట్టిందో లేదో, పోయిన వానాకాలంలో జ్వరం వచ్చింది. మొదట మామూలు జ్వరమే అన్నారు. తర్వాత దవాఖానలో రక్తం ఎక్కించారు. తర్వాత ఇంటికి తీసుకుపొమ్మన్నారు. దాని గురించి చెప్పడానికి సక్కుబాయి దగ్గర ఇంతకంటే వాక్యాలు లేవు. బడిలో ఎవరైనా అడిగితే ఇవే చెబుతుంది, ఈ వరుసలోనే చెబుతుంది.

రాసివ్వమన్నది ల్యాప్‌టాప్ సంగతి. అఖిలకు సీటు వచ్చిన ఏడాది కొన్న ల్యాప్‌టాప్ పట్టుమని పది రోజులు నడవలేదు. లోపల నీళ్లు పడ్డాయి, ఇది మా బాధ్యత కాదు అన్నారు సర్వీసు సెంటర్ వాళ్లు. షాపువాళ్లు సర్వీసు సెంటర్ మాటే మా మాట అన్నారు. అఖిల ఊరుకోలేదు. "నువ్వు టెన్త్ పిల్లలకు చెప్పే పాఠంలనే ఉన్నది గదమ్మా, వినియోగదారుల హక్కులని. ఉట్టిగ చెప్పుడేనా?" అని తల్లిని నిలదీసి, జిల్లా వినియోగదారుల ఫోరంలో కేసు వేయించింది. ల్యాప్‌టాప్ సక్కుబాయి జీతంతోనే కొన్నారు, కాని కౌంటర్ దగ్గర మనిషి "సార్ పేరు చెప్పండి" అని అడిగాడు కాబట్టి బిల్లు మల్లేశ్వర్ పేరున ఉంది. అందుకని ఫిర్యాదు కూడా ఆయన పేరునే. కూతురు వేలు పెట్టి చూపించిన చోటల్లా ఆయన చదవకుండా సంతకాలు పెట్టాడు.

పిల్ల పోయాక కూడా కేసు తన దారిన తాను నడుస్తూనే ఉంది. ఈ రోజు వాయిదా. నిన్న సాయంత్రం షాపు తరఫు వకీలు ఫోన్ చేసి రాజీమాట చెప్పాడు. వాడేవాళ్ల పొరపాటు వల్లనే నీళ్లు పడ్డాయని ఒప్పుకుంటూ కాగితం రాసిచ్చి కేసు వెనక్కి తీసుకుంటే, పాతది తీసుకుని కొత్తది ఇస్తారట. తల్లిదండ్రులు ఇద్దరూ సంతకం పెట్టాలట.

"మంచిదే గద," అంది అత్త శివమ్మ, చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటూ. "మా సరిత కొడుకు శేఖర్ గూడ ఇంజినీరింగుల చేరె. ఆనికి అక్కరకొస్తది. ఇంటి వస్తువు ఇంట్లనే ఉంటది."

"గదే నేను గూడ అనుకున్న," అన్నాడు మల్లేశ్వర్. "ఏం టీచరమ్మా, తయారు గా జర. తొమ్మిదింటికి ఎల్లాలె."

తయారు కావడం అంటే ముందు ఉప్మా చేయాలి. అత్తమ్మ మధ్యాహ్నం తినడానికి జొన్నరొట్టె, పప్పు మూతపెట్టి ఉంచాలి. ప్లాట్లు చూడడానికి ఎవరో పదకొండింటికి వస్తే కూర్చోబెట్టమని ఆయన అత్తమ్మకు చెప్పాడు, వాళ్లకు ఫ్లాస్కులో చాయ్ పోసి పెట్టాలి. అఖిల పోయిన పదకొండో రోజున కూడా సక్కుబాయి ఇలాగే ఫ్లాస్కులు నింపింది. "చేతికి పనుంటే మనసుకు నిమ్మళం, వదినా," అంది ఆడబిడ్డ సరిత, కూర్చున్నచోటు నుంచి కప్పు చాపుతూ. ఆమె చెడ్డది కాదు. ఎవరూ చెడ్డవాళ్లు కాదు. నిమ్మళం అందరికీ వచ్చింది, గిన్నెలు మాత్రం సక్కుబాయి దగ్గరికి వచ్చాయి.

సెలవు కోసం హెడ్‌మాస్టరుకు ఫోన్ చేసింది. "మళ్లీనా మేడం?" అన్నాడాయన, నొప్పించకుండా. "రేపు ఇన్‌స్పెక్షన్ ఉంది కదా. గేటు దగ్గర ముగ్గు, వచ్చినవాళ్లకు బొట్టు పెట్టడం మీరే చూస్తారనుకున్నాను. కాస్త మనసు కూడా మళ్లుతుంది మీకు." రేపు వస్తానని చెప్పి పెట్టేసింది. వాళ్ల బడి రన్‌వేకు దగ్గర. విమానం వెళ్లేటప్పుడు టీచర్లందరూ వాక్యం మధ్యలో ఆగి, చప్పుడు పోయాక మిగతాది చెబుతారు. ఈ మధ్య సక్కుబాయి ఆగడం లేదు. ఆగడం లేదన్న సంగతి ఆమెకు తెలియదు. ఒక రోజు పిల్లలే చెప్పారు: "టీచర్, సగం పాఠం వినబడుత లేదు." ఆ రోజు బోర్డు మీద వినియోగదారుల హక్కులే ఉన్నాయి. భద్రత హక్కు, సమాచారం పొందే హక్కు, ఎంచుకునే హక్కు. నాలుగోది, తన మాట వినిపించుకునే హక్కు. అది చెబుతున్నప్పుడే విమానం వెళ్లిందట. పిల్లలు నవ్వలేదు. వాళ్లకూ అఖిల సంగతి తెలుసు.

కారు ఆరాంఘర్ చౌరస్తాలో ఆగిపోయింది. ముందు లారీలు, వెనక బస్సులు. మల్లేశ్వర్ హారన్ మీద చెయ్యి పెట్టి, ఫోన్‌లో ఎవరికో తూర్పు ముఖం ప్లాటు గురించి చెబుతున్నాడు. సక్కుబాయి కిటికీ అద్దం మీది దుమ్మును చూస్తూ, ఎప్పుడూ కావాలని తలుచుకోని ఆ గురువారాన్ని తలుచుకుంది.

ఆ ఇంట్లో ఏ కొత్త వస్తువునూ పూజ కాకుండా ముట్టరు. ట్రాక్టరైనా, బోరు మోటారైనా, ఆఖరికి మిక్సీ అయినా సరే, మంచి గడియ చూసి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాకే దాని మీద చెయ్యి. విమానాశ్రయానికి భూమి పోయింది, ట్రాక్టరు అమ్ముకున్నారు, మల్లేశ్వర్ మహేశ్వరం వైపు ప్లాట్లు చూపించే పనిలో పడ్డాడు. ఆనవాయితీ మాత్రం ఎవరూ కొనుక్కోలేదు, ఇంట్లోనే మిగిలింది. ల్యాప్‌టాప్ కొన్నది ఆదివారం. శుక్రవారందాకా మంచి గడియ లేదన్నాడు పంతులు. శివమ్మ పెట్టెను కొత్త తువ్వాలలో మూటగట్టి దేవుని అర్రలో పెట్టింది.

గురువారం మధ్యాహ్నం శివమ్మ మామిడిపల్లిలో కూతురింటికి పోయింది. మల్లేశ్వర్ ఇంట్లో లేడు. బడికి సెలవు. సక్కుబాయి ఆరిన బట్టలు మడతపెడుతుంటే అఖిల వచ్చి ఆ కుప్ప మీదే కూర్చుంది.

"అమ్మా, జర తీసి చూద్దామే."

"రేపు పూజ ఉన్నది గదా. లే, మడతలు పాడైతున్నయ్."

"ఛార్జింగ్ పెట్టాలె గదనే ముందుగాల. పూజల తెరిస్తే నల్లగ ఉన్నదనుకో, నానమ్మ నన్నే తిడ్తది, నీ మొకం జూసే నల్లగైందని."

సక్కుబాయికి నవ్వొచ్చింది. మూట విప్పింది ఆమే. ముడి ఎటు తిరిగి ఉందో ముందు చూసి పెట్టుకుని విప్పింది. ఎన్నేళ్లుగానో ఆ ఇంట్లో తను చేసిన పనులన్నీ ఎవరో ఒకరు చెప్పినవే. ఇది ఎవరూ చెప్పని పని. పడకగది తలుపు దగ్గరగా వేసి, మంచం మీద పెట్టి, ఛార్జర్ తీగ పెట్టారు. తెర వెలిగింది. అఖిల తల్లి వేలు పట్టుకుని ఒక్కొక్క మీట మీద ఆనిస్తూ ఆమె పేరు కొట్టించింది. పేరు సగంలో ఉండగా తెర ఆరిపోయింది. మళ్లీ వెలిగించారు, మళ్లీ ఆరిపోయింది.

"ఇదేందమ్మా," అంది అఖిల, "పుట్టుకతోనే ఫిట్స్ ఉన్నట్టున్నయ్ దీనికి."

"షాపుకు తీసుకపోదాం. కొత్తదే గదా, మార్చి ఇస్తరు."

"ఏమని చెప్తవే? ఎప్పుడు తెరిచిర్రని డాడీ అడిగితే?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడది పెద్ద కష్టంలా కూడా అనిపించలేదు. పూజ అయ్యాక ఎలాగూ ఆగిపోతుంది, అప్పుడే కొత్తగా చూసినట్టు చూద్దాం అనుకున్నారు. పెట్టెలో పెట్టి, తువ్వాల కట్టి, ముడి ఎటు తిరిగి ఉందో అటే తిప్పారు.

శుక్రవారం మల్లేశ్వర్ కొబ్బరికాయ కొట్టాడు. బలంగా కొట్టే మనిషి. నీళ్లు చిమ్మి మీటల మీద పడ్డాయి. అఖిల చున్నీతో తుడవబోతే శివమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "దేవుని నీళ్లు. పడితే మంచిదే." ఆ తర్వాత అది వెలుగుతూ ఆరుతూ రెండు మూడు రోజులు ఈడ్చి, ఒక రోజు ఇక వెలగలేదు.

సర్వీసు సెంటర్ మనిషి విప్పి చూసి ఒక్క మాటే అడిగాడు. "సార్, నీళ్లు పడకముందు మంచిగనే నడిచిందా? అప్పుడు గూడ ఆఫ్ అయితుండెనా? అట్లుంటే కంపెనీ బాధ్యతే."

"ముందు ఎట్ల నడుస్తది?" అన్నాడు మల్లేశ్వర్, గర్వంగానే. "మా ఇంట్ల పూజ కానిదే ఏదీ ముట్టం."

అఖిల తల్లి వైపు చూసింది. సక్కుబాయి తన చేతిసంచి జిప్పు వైపు చూసింది.

ఇంటికి వచ్చాక కొబ్బరికాయ సంగతి ఎవరూ ఎత్తలేదు. "దేవుని నీళ్లతోని ఏదన్న ఖరాబైతదా? పిల్లనే బాటిల్ పక్కకు పెట్టుకొని కూసుంటది," అని ఒక రోజు శివమ్మ అంది. కొన్నాళ్లకు మల్లేశ్వర్ అన్నాడు. దసరాకు వచ్చిన చుట్టాలు అడిగితే అందరూ కలిసి అన్నారు. ఆ ఇంట్లో ఆయన చేతిలోంచి జారిపడ్డ గ్లాసు కూడా అక్కడ పెట్టినవాళ్ల తప్పే. సక్కుబాయి అలాంటివి చాలా మోసింది. బరువు తెలియనంతగా అలవాటైంది. అఖిలకు అలవాటు కాలేదు.

"నేను పొయ్యలేదమ్మా."

"తెలుసు బిడ్డా."

"నీకు తెలిస్తే సాలదు గదా."

ఫిర్యాదులో అఖిల "కొన్ననాటి నుంచే లోపం ఉంది" అని రాసింది. ఎలా తెలుసో రాయలేదు. అవసరమొస్తే ఫోరంల నేనే చెప్త, అక్కడ నానమ్మ వినదు గదా, అంది.

అఖిల పోయాక శివమ్మ కారణం వెతకడం మొదలుపెట్టింది. ఏ గడియల ఏం ముట్టిందో పిల్ల, అని పంతులును అడిగింది, కనబడ్డవాళ్లనల్లా అడిగింది. దీపాలు పెట్టే వేళ జుట్టు విరబోసుకున్నదని ఒక రోజు, అమావాస్య నాడు కొత్త చెప్పులు తొడిగిందని ఒక రోజు. ముసలామెదీ దుఃఖమే. మనవరాలి గాజులు కొంగున కట్టుకుని తిరుగుతుంది. కాని ఆమె దుఃఖం ఎప్పుడు వచ్చినా వేలు చాపుకునే వస్తుంది, ఆ వేలు ఎప్పుడూ అఖిల చేసిన పని మీదకో, అఖిలను కన్న మనిషి చేసిన పని మీదకో పోతుంది. గురువారం సంగతి బయటపడితే ఆమె ఇన్నాళ్లూ వెతుకుతున్నది దొరికినట్టే. ఇక జ్వరం లేదు, దోమ లేదు, ఆలస్యం చేసిన దవాఖాన లేదు. గడియ కాకముందే ముట్టింది, పోయింది, అంతే. వచ్చే పోయే ప్రతి మనిషికీ అదే కథ చెబుతుంది. అది రాకుండా ఉండాలనే సక్కుబాయి నోరు మూసుకుంది. ఆ గురువారం చూసిన మనుషులు ఇద్దరు. ఇప్పుడు ఒక్కరు.

ఫోరంలో గోడకు ఆనించి బల్లలు ఉన్నాయి. ఎదురుగా ఎత్తు మీద ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో అధ్యక్షుడు, ఆయనకు ఒక పక్క ఒక ఆవిడ. షాపు వకీలు నెమ్మదైన మనిషి, కోస్తావైపు మాట. మల్లేశ్వర్‌కు నమస్కారం పెట్టి, సక్కుబాయికి కూడా పెట్టాడు.

"మీ అమ్మాయి గురించి విన్నానమ్మా. చాలా బాధ కలిగింది. అందుకే మావాళ్లకి నేనే నచ్చజెప్పానండి, కొత్తది ఇచ్చేయమని. ఇదిగో, ఇక్కడ సారు, ఇక్కడ మీరు."

మల్లేశ్వర్ సంతకం పెట్టి పెన్ను ఆమెకు ఇచ్చాడు. సక్కుబాయి చదివింది. చదవకుండా సంతకం పెట్టే అలవాటు ఆమెకు లేదు. ఫిర్యాదుదారుని కుమార్తె అజాగ్రత్త వల్ల, అని ఉంది.

అజాగ్రత్త. ఇన్నేళ్లలో వందల ప్రోగ్రెస్ కార్డుల మీద ఆమె ఏదో ఒకటి రాసింది. ఇంకొంచెం శ్రద్ధ పెట్టాలి అని రాసేది, దస్తూరి బాగుపడాలి అని రాసేది. ఈ మాట మాత్రం ఏ పిల్ల పేరు పక్కనా రాయలేదు. తన పేరు పక్కన ఉన్నది చదివి, సమాధానం చెప్పుకోవడానికి పిల్ల ఎదురుగా ఉండాలి కదా. ఏడుపు వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. లోపల ఎప్పటిలాగే తడి లేదు, చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలో ఆ ఒక్క మాట మాత్రం బోర్డు మీద రాసినంత పెద్దగా కనబడుతోంది.

పేరు పిలిచారు. "రాజీ కుదిరిందా?" అన్నాడు అధ్యక్షుడు.

"కుదిరిందండి, సంతకాలు అవుతున్నాయి," అన్నాడు వకీలు.

"ఈ వాక్యం తప్పు," అంది సక్కుబాయి.

అందరూ ఆమె వైపు తిరిగారు. "సక్కు," అన్నాడు మల్లేశ్వర్, పళ్ల మధ్య నుంచి.

"మీరెవరమ్మా?" అని అడిగింది అధ్యక్షుడి పక్కనున్న ఆవిడ. "ఏమిటి తప్పు?"

"అఖిల తల్లినండి. మా అమ్మాయి నీళ్లు పోయలేదు. పూజలో కొబ్బరికాయ కొట్టినప్పుడు పడ్డాయి. కొట్టింది వాళ్ల నాన్న." ఊపిరి తీసుకుంది. "అంతకు ముందు రోజే అది వెలిగి ఆరిపోయింది, రెండుసార్లు. పూజకు ముందే మేము తెరిచాము. మూట విప్పింది నేను."

"అండీ, ఈ మాట ఇన్నాళ్లూ ఎక్కడా లేదండి," అన్నాడు వకీలు. "పూజకు ముందు ముట్టుకోలేదని సర్వీసు సెంటర్లో వీరి భర్తగారే చెప్పారండి."

"ఆయనకు తెలియదు. తెలియకుండా తెరిచాము."

ఎవరో వెనకబల్ల మీద సన్నగా నవ్వారు. అధ్యక్షుడు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చూడమ్మా, నోటిమాట చాలదు. సాక్షిగా అఫిడవిట్ వేయండి. ఇంత ఆలస్యంగా ఎందుకు చెబుతున్నారో కూడా అందులో రాయాలి. నమ్మడం, నమ్మకపోవడం తర్వాత. ఒకటి ఆలోచించుకోండి, రాజీ వదులుకుంటే రేపు ఏమీ రాకపోవచ్చు."

"సరేనండి," అంది సక్కుబాయి. పెన్ను వకీలుకు తిరిగి ఇచ్చేసింది.

కారులో కూర్చున్నాక మల్లేశ్వర్ అన్నాడు, "అంత మందిల నా ఇజ్జత్ తీసినవ్."

ఆమె కిటికీ అద్దం కిందికి దించింది.

"నాకు తెల్వకుండ తెరిచినమని నవ్వుకుంట చెప్తవా అక్కడ?"

"నవ్వలేదు."

"అమ్మకు తెలిస్తే ఏమంటదో ఎరుకేనా నీకు?"

"ఎరుకే."

"మరింక?"

"నేనే చెప్త."

ఆయన ఆమె వైపు తిరిగి చూశాడు. వెనక బండి హారన్ కొడితే మళ్లీ రోడ్డు వైపు తిరిగాడు.

శివమ్మ వాకిట్లో కుర్చీ వేసుకుని ఉంది. "అయిందా? ఎప్పుడిస్తరట కొత్తది? శేఖర్ రెండుసార్లు ఫోన్ చేసిండు."

రోజూ అయితే సక్కుబాయి నిలబడే జవాబు చెప్పి లోపలికి పోయేది, పొయ్యి అంటించేది. ఈసారి ఇంకో కుర్చీ తెచ్చి ఆమెకు ఎదురుగా వేసుకుని కూర్చుంది. రాజీ లేదని చెప్పింది. గురువారం సంగతి మొదటి నుంచి చెప్పింది, మూట ముడితో సహా. అఖిల అన్న ఫిట్స్ మాట కూడా చెప్పింది. ఆ మాట చెబుతుంటే తన గొంతు తనకే కొత్తగా వినబడింది. మల్లేశ్వర్ గడప దగ్గర చెప్పులు విడవకుండా నిలబడి విన్నాడు.

శివమ్మ ముఖం మెల్లగా ఎండిపోయింది. కొంగున ఉన్న గాజుల ముడిని పిడికిట్లో పట్టుకుంది.

"గడియ గాకముందే ముట్టిపిచ్చినవా," అంది. "కన్నతల్లివయ్యుండి. నేనెన్ని తీర్ల ఎతికిన. అందుకే గదా నా మనుమరాలు గట్లయింది."

వచ్చింది ఆ మాట. ఇన్ని నెలలు దేనికి భయపడి నోరు కుట్టుకుందో ఆ మాట వచ్చి, వాకిట్లో, మధ్యాహ్నపు ఎండలో, వాళ్ల ముగ్గురి మధ్య నిలబడింది. సక్కుబాయి దాన్ని చూసింది. అది తనను ఏమైనా చేస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది. ఏమీ చేయలేదు. ఉట్టి మాట.

"నా పెండ్లికి ముహూర్తం మీరే సూపిచ్చిర్రు గదా అత్తమ్మా," అంది, గొంతు పెంచకుండా. "గసొంటి మంచి గడియ మల్ల పదేండ్లదాక రాదన్నడట పంతులు."